ముప్పై గంటల అర్జీ

“ఇక పదకొండో అర్జీ,” అన్నాడు కార్యదర్శి, కాగితం తిప్పుతూ.

పెద్దమేడం కుర్చీ వెనక్కి జరుపుకుని లేచింది. “దీనితో నాకు సంబంధం ఉంది. రూలు ప్రకారం బయట కూర్చోవాలి.” తలుపు దాకా వెళ్లి ఆగింది. “నా మొహం చూసి మాత్రం ఏమీ తేల్చకండి.”

తలుపు మూసుకుంది. గదిలో ముగ్గురు సభ్యులు మిగిలారు. గడ్డం ప్రొఫెసరు, టెలిస్కోపు ఇంజనీరు, చిన్నమేడం. చిన్నమేడం పెద్దమేడం దగ్గరే పీహెచ్‌డీ చేసి, ఆ విభాగంలోనే పాఠాలు చెబుతోంది. ఇద్దరికీ తేడా తెలియడానికి విద్యార్థులు పెట్టుకున్న పేర్లవి.

ఏడాదికోసారి ఆ కమిటీ కూర్చుంటుంది. యూనివర్సిటీ వాళ్ల పెద్ద టెలిస్కోపును ఎవరికి ఎన్ని గంటలు ఇవ్వాలో తేలుస్తుంది. అర్జీల మీద పేర్లుండవు. ఏది ఎవరు రాశారో కార్యదర్శి ఒక్కడికే తెలుసు. ఓట్లు పడ్డాకే అతను నోరు విప్పుతాడు.

“చదివారుగా? ఇది అర్జీ కాదు, పెద్దమేడం మీద కత్తి,” అన్నాడు గడ్డం ప్రొఫెసరు.

తొమ్మిదేళ్ల కిందట ఒక దూరపు గ్రహం గాలిలో, ప్రాణులు వదిలే వాయువు జాడ దొరికిందని పెద్దమేడం ప్రకటించింది. గ్రహం తన నక్షత్రానికి అడ్డంగా వెళ్లేటప్పుడు కాస్త వెలుగు దాని గాలిలోంచి దూసుకొస్తుంది. గాలిలో ఉన్న ఒక్కో వాయువు ఒక్కో రంగును కొంచెం మింగేస్తుంది. ఏ రంగు తగ్గిందో చూసి, అక్కడ ఏముందో చెప్పడం ఆ విభాగం వాళ్ల పని. ఆ ఒక్క ప్రకటనతో ఆవిడ పేరు మారుమోగిపోయింది. విభాగానికి కొత్త భవనం వచ్చింది. ఆ మాటకొస్తే చిన్నమేడం ఉద్యోగమూ దాని చలవే. మరో నాలుగు నెలల్లో పెద్దమేడం రిటైరవుతోంది.

ఈ అర్జీదారు అదంతా ఒట్టిదేనేమో అంటున్నారు. నక్షత్రం ఒంటి మీదే మచ్చలున్నాయి, ఆ జాడ వాటిదే కావచ్చు, గ్రహం అడ్డు లేనప్పుడు నక్షత్రాన్ని ఒక్కదాన్నే ముప్పై గంటలు చూస్తే తేలిపోతుంది అని రాశారు.

“ఆ భాష చూడండి! ‘అప్పటి లెక్కలో తొందరపాటు ఉంది’ అట. ‘చూడాలనుకున్నదే చూశారు’ అట. ఎంత పొగరు!” అన్నాడు గడ్డం ప్రొఫెసరు.

“పొగరు సంగతి వదిలేయండి. లెక్క తప్పా?” అన్నాడు ఇంజనీరు.

“లెక్క ఎవరడిగారండీ? చప్పట్లు కొట్టి సాగనంపాల్సిన మనిషి మొహాన మసి పూస్తామా? ఇది తుఫాను పనే. లోపలి గుట్టు తెలియనివాడు ఇంత సూటిగా గుచ్చగలడా?”

తుఫాను అన్నది పెద్దమేడం పాత విద్యార్థికి పెట్టిన పేరు. ఆరేళ్ల కిందట ఏదో మాటా మాటా పెరిగి, తలుపు ధడాలున వేసి వెళ్లిపోయాడు. మళ్లీ ఈ గడప తొక్కలేదు.

చిన్నమేడం అర్జీ తిరగేస్తోంది. మూడో పేజీ దగ్గరే ఆమె చూపు ఆగిపోయింది. మచ్చలు ఎక్కువున్న రోజుల్లో ఆ జాడ కూడా చిక్కబడుతోందని అక్కడ ఉంది. పీహెచ్‌డీ రోజుల్లో ఆమె కంటికీ అదే పడింది. తనకే సరిగ్గా అర్థం కాలేదేమోనని సరిపెట్టుకుంది. ఆవిడతోనే కాదు, ఎవరితోనూ అనలేదు.

గడ్డం ప్రొఫెసరు వద్దన్నాడు. ఇంజనీరు ఇవ్వాలన్నాడు.

“ఇక నీ మాటేనమ్మా,” అన్నాడు గడ్డం ప్రొఫెసరు చిన్నమేడంతో.

“ఐదు నిమిషాలు. నీళ్లు తాగొస్తాను,” అని లేచింది చిన్నమేడం.

వరండాలో కిటికీ పక్కన బెంచీ మీద పెద్దమేడం టీ తాగుతోంది.

“మేడం, లోపల…”

“వద్దు,” అంటూ చెయ్యి అడ్డం పెట్టింది ఆవిడ. “బయటున్న వాళ్లతో ఆ మాటలు ఎత్తకూడదు. నీళ్లు తాగి వెళ్లు.”

“మీకు బాధగా లేదా?”

“బాధ ఇవాళ్టిది కాదులే అమ్మాయ్,” అని ఆవిడ మళ్లీ కిటికీ వైపు తిరిగింది.

చిన్నమేడానికి తుఫాను మీద పీకల దాకా కోపం వచ్చింది. కానీ మూడో పేజీ కళ్ల ముందు నుంచి కదలదే! లోపలికి వెళ్లి నిలబడే చెప్పింది.

“ఇవ్వాలండీ. ముప్పై గంటలూ ఇవ్వాలి.”

“ఆలోచించే అంటున్నావా? నీకు అన్నం పెట్టిన చెయ్యమ్మా అది!” అన్నాడు గడ్డం ప్రొఫెసరు.

“తెలుసండీ. అనుమానం వస్తే వెళ్లి చూడమని నేర్పింది కూడా ఆవిడే. ఈ అనుమానం నాకూ వచ్చింది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. వీళ్లెవరో మూసుకోలేదు. అంతే తేడా.”

కార్యదర్శి రాసుకున్నాడు. చిన్నమేడం కుర్చీలో కూలబడి, ఆవిడ లోపలికి రాగానే మొదటి మాట ఏమనాలో వెతుక్కుంటోంది. క్షమించమనాలా? క్షమించమంటే తప్పు చేసినట్టవుతుందా?

“సరే, అయిపోయిందిగా. ఇప్పుడైనా చెప్పవయ్యా, తుఫానేనా?” అన్నాడు గడ్డం ప్రొఫెసరు.

కార్యదర్శి లేచి వెళ్లి తలుపు తీసి, వరండాలోకి తల పెట్టాడు.

“మేడం, మీ అర్జీ పాసైంది.”