మంచుబండికి చలిదెబ్బ

కొట్టు ముందున్న, మంచుమీద జారుతూ పోయే తన మోటారు మంచుబండి ఎక్కి సియాసి తాళం తిప్పింది. చప్పుడే లేదు. క్షణంలో ఊళ్లో మగాళ్లంతా చుట్టూ మూగారు.

"బ్యాటరీ చచ్చింది," అన్నాడొకడు.

"నీ మొహం, పెట్రోలు గడ్డకట్టింది," అన్నాడు ఇంకొకడు.

"రేపు జింకల వేటకు పోకపోతే పిల్లలకు మాంసం ఉండదయ్యా," అంది సియాసి దిగులుగా.

చివరికి ఆమె మరిది కుమాలుక్ తేల్చేశాడు. "ఇది చలిదెబ్బే వదినా! పొయ్యి పక్కన పెడితే అదే లేస్తుంది."

అందరూ రొప్పుతూ బండిని గుట్టమీదున్న ఆమె ఇంటిదాకా తోశారు. కుమాలుక్ చెమట తుడుచుకుని మూత ఎత్తాడు. లోపల ఖాళీ.

"ఇంజనేది వదినా?"

"ఇంట్లో బల్లమీదుంది నాయనా. విప్పి తెచ్చి నిన్ననే బాగుచేశాను. ఈ డొక్కును కాస్త ఇంటిదాకా తోసిపెట్టండని వారం నుంచీ బతిమాలితే మీలో ఒక్కరికీ తీరిక లేకపోయె!"