ఆదివారం రిపేరు

"రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకోండి" అని కారు తెర మీద ఎర్రటి అక్షరాలు వెలిగాయి.

ప్రభుదాస్ పట్టుకునే ఉన్నాడు. మాదాపూర్‌లో ఫ్లైఓవర్ దిగుతున్నాడు. ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. అక్షరాలు పోలేదు సరికదా, టింగు టింగుమని మోత కూడా మొదలైంది.

హారన్ మోగడం లేదని నిన్న చర్చి నుంచి రాగానే తనే స్టీరింగ్ విప్పి లోపలి వైరు మార్చాడు. "మెకానిక్‌కి ఇవ్వండి, అదేమన్నా ఆటబొమ్మా?" అని భార్య ఎలిజబెత్ మొత్తుకుంది. వీడియో చూస్తే ఎవరైనా చెయ్యొచ్చన్నాడు. హారన్ మోగింది కూడా. రాత్రి భోజనాల దగ్గర ఆ గొప్పే పదేపదే చెప్పుకున్నాడు. తెల్లారేసరికి ఇదీ సంగతి.

ఉన్నట్టుండి కారు ఎడమపక్కకి పోయి, ఒక ఆటోని బర్రున గీరుకుంది.

"కండ్లు కనవడ్తలేవా?" ఆటోవాలా అరిచాడు. "పొద్దుగాల్నే తాగి ఎక్కినవా ఏంది?"

"స్టీరింగ్ చెడిపోయిందయ్యా. సారీ."

"ఖరాబైతే రోడ్డు మీదికెందుకు తెచ్చినవ్? జర పక్కకు పెట్టుకో! మందిని సంపుతవా?"

ఎలాగో ఒక హాస్టల్ గేటు ముందు ఆపాడు. ఆటో కాకుండా బైకు అయ్యుంటే? బైకు మీద వెనకాల ఓ పసిపిల్ల కూర్చుని ఉంటే? తన చేతులతో తను చేసిన రిపేరుకి ఎవరి ఉసురో తగిలి ఉండేది. మెడలో ఐడీ కార్డులు, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో జనం పక్కనుంచి పోతున్నారు. ఒక్కరూ ఆగలేదు. ఆగితే మాత్రం ఏం చెయ్యగలరు?

స్టాండులో ఉన్న ఫోన్ నుంచి బావమరిది డేవిడ్‌కి కాల్ చేశాడు. డేవిడ్ మూసాపేటలో కార్ల షెడ్డు నడుపుతున్నాడు.

"డేవిడ్, ముందు అక్కకి చెప్పనని మాటివ్వు." జరిగిందంతా చెప్పాడు.

"మాట సరిగ్గా అందట్లేదు బావగారూ, సిగ్నల్ లేదేమో. ఇంజన్ ఆపేసి, కాసేపాగి స్టార్ట్ చెయ్యండి."

చేశాడు. తెర ఖాళీగా కనిపించింది. "పోయింది రా!" అనబోయాడు. మళ్ళీ ఎర్రటి అక్షరాలు వెలిగాయి.

"స్టీరింగ్ పూర్తిగా ఒక వైపుకి, మళ్ళీ రెండో వైపుకి తిప్పండి."

తిప్పాడు. "ఉంది డేవిడ్. అలాగే ఉంది."

"వైరు బిగించేటప్పుడు పక్కనున్నది ఏదన్నా కదిలించారా?"

"ఏమో! అన్నీ ఉన్నవి ఉన్నట్టే పెట్టాననుకున్నాను." అన్నాడు ప్రభుదాస్. పదిమందికి పని చెప్పి చేయించే తను ఒక్క అక్షరాన్ని చెరపలేక రోడ్డు పక్కన చతికిలబడ్డాడు. "దేవా, ఈ ఒక్కసారికి గట్టెక్కించు" అనుకున్నాడు. టింగు టింగు మోత ఆగలేదు.

"కంగారుపడకండి బావగారూ. స్టీరింగ్ లోపల చేతుల్ని కనిపెట్టేది ఒకటుంటుంది. దాని వైరు ఊడి ఉంటుంది. వీడియో పెట్టండి, మీరెలా పట్టుకున్నారో చూస్తాను."

వీడియో పెట్టాడు. మొదట షెడ్డు కప్పు, తర్వాత డేవిడ్ మొహం కనిపించాయి.

"ఆఁ, కనిపిస్తున్నారు. ఇప్పుడు రెండు చేతులతో పట్టుకోండి."

"పట్టుకున్నా."

"ఎడమ చెయ్యి కూడా పెట్టండి."

"పెట్టానుగా!"

"లేదు బావగారూ, ఎడమది."

"పెట్టానంటుంటే! ఇదిగో, బిగించి పట్టుకున్నాను. నువ్వు కూడా ఆ కారు లాగే మొదలెట్టావేంట్రా?" ప్రభుదాస్‌కి కోపంతో పాటు ఏడుపు కూడా వచ్చింది. "నా వల్ల కావట్లేదు డేవిడ్. ఎవరినన్నా పంపించు. దీన్ని లాక్కుపోయి ఏం చేసుకుంటారో చేసుకోమను."

డేవిడ్ ఫోన్‌కి దగ్గరగా వంగి ప్రభుదాస్ మొహంలోకి చూశాడు. డేవిడ్ చేతిలోని పానా ఖంగుమని కింద పడింది.

"బావగారూ, కదలకండి, నేనొస్తున్నా... బండికేం కాలేదు, మీ ఎడమ చెయ్యి మీ ఒళ్ళో పడి ఉంది, మూతి పక్కకి వంకరపోయింది!"