మీవాడెవరు?

"ఏవండీ, ఆ ఏడో నంబరు కుర్రాడు మీ అబ్బాయాండీ?"

వెంకటపతిరాజు వెనక్కి తిరిగాడు. ఎవరో బక్కపల్చటి మనిషి. నలిగిన చొక్కా, అరిగిన చెప్పులు.

"అవును. ఏం?"

"ఇవాళ ఆడించకండి. రెండుసార్లు ఆగిపోయి గుండె పట్టుకున్నాడు. పెదాలు నల్లబడుతున్నాయి. ముందు గుండె డాక్టరుకి చూపించండి."

రాజుకి ఒళ్ళు మండింది.

భీమవరంలో జిల్లా ఫుట్‌బాల్ జట్టు సెలక్షన్లు జరుగుతున్నాయి. కొడుకు ఆదిత్య జట్టులోకి వస్తే సర్టిఫికెట్ వస్తుంది. సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో మెడికల్ సీటుకి దారి దొరుకుతుంది. అందుకే ఆ రోజు రొయ్యల చెరువులు కూడా వదిలేసి వచ్చి కూర్చున్నాడు రాజు. మైదానం చుట్టూ అలాంటి తండ్రులే. ఆడేది పిల్లలైనా పోటీ పెద్దవాళ్ళకే.

"ఇంతకీ మీవాడెవరు?" అన్నాడు రాజు.

"మావాడెవడూ లేడండి."

"ఎవడూ లేకుండా ఈ ఎండలో మీకేం పనండీ?"

"ఊరికే, ఆట చూద్దామని..."

రాజు నవ్వాడు.

"మావాడు బయటికొస్తే మీవాడు లోపలికెళతాడు. అంతేనా అండీ? ఇలాంటి వేషాలు చాలా చూశాం లెండి."

"దండం పెడతానండి, నా మాట వినండి. మధ్యలో ఆడేవాడు అందరికన్నా ఎక్కువ పరిగెత్తాలి. ఆ పిల్లాడు తట్టుకోలేడు."

రాజు డ్రైవర్ని పిలిచాడు.

"ఈయన్ని గేటు దాకా దిగబెట్టి రా. మర్యాదగానే."

డ్రైవరు రెక్క పట్టుకుని తీసుకెళ్ళాడు.

విరామంలో ఆదిత్య వచ్చి తండ్రి పక్కన కూలబడ్డాడు.

"ఆయాసంగా ఉంది నాన్నా."

"ఎండకి అలాగే ఉంటుందిరా. ఈ కొబ్బరినీళ్ళు తాగు. ఇంకొక్క అరగంట ఓర్చుకున్నావంటే డాక్టరువి అయిపోయినట్టే."

పిల్లాడు లేచి మళ్ళీ మైదానంలోకి వెళ్ళాడు. తండ్రి మాట ఎన్నడూ కాదనలేదు వాడు.

ఆట మొదలైన కాసేపటికే, బంతి దరిదాపుల్లో లేకుండానే, బోర్లా పడిపోయాడు.

రాజు పరుగెత్తేసరికి ఇందాక గేటు దాకా పంపించేసిన మనిషి అప్పటికే అక్కడున్నాడు. పిల్లాణ్ణి వెల్లకిలా తిప్పి, రెండు చేతులూ గుండెల మీద పెట్టి బలంగా నొక్కుతున్నాడు.

"అంబులెన్స్ పిలవండి! నన్ను ఆపకండి!"

పిల్లాడి ఛాతీలో ఏదో పటుక్కుమంది.

"నా కొడుకు ఎముకలు విరగ్గొడుతున్నాడ్రా!" అని రాజు అతని కాలరు పట్టి లాగేశాడు. డ్రైవరు రెండు తగిలించాడు. ఆ మనిషి దుమ్ములో పడ్డాడు. పడి కూడా చేతులు జోడించి అరుస్తున్నాడు.

"నొక్కండి! ఎవరో ఒకరు నొక్కండి!"

ఎవరూ నొక్కలేదు. ఆదిత్యని ఎత్తి కారు వెనక సీట్లో పడుకోబెట్టారు.

ఆసుపత్రిలో డాక్టరు ఎక్కువసేపు లోపల ఉండలేదు.

"గుండె ఆగిపోయి చాలాసేపయిందండి. పడిపోగానే ఛాతీ నొక్కడం మొదలుపెట్టి, ఇక్కడికి తెచ్చేదాకా ఆపకుండా ఉంటే బతికే అవకాశం ఉండేది."

రాజు గోడకి జారగిలబడ్డాడు. ఏడుపు కూడా రాలేదు. రిఫరీగా ఉన్న శివరామకృష్ణ వచ్చి పక్కన కూర్చున్నాడు.

రాజు అతని వైపు తిరిగాడు.

"ఆ మనిషి... ఎవరండీ?"

"దుమ్ములోంచి లేస్తుంటే అప్పుడు గుర్తుపట్టానండి. ఫిన్నీ గారు. ఒకప్పుడు కలకత్తాలో పెద్ద క్లబ్బుకి మధ్యలో ఆడే మిడ్‌ఫీల్డర్. గోలు కొట్టినవాళ్ళకి పేరొచ్చేది, బంతి అందించింది మాత్రం ఈయన. మంచి వయసులో ఆట ఆగిపోయింది. పెళ్ళాంబిడ్డలు లేరు. ఎక్కడ పిల్లలు ఆడుతున్నా వెళ్ళి నిలబడతారు."

"ఆట ఎందుకాగిపోయిందండీ?"

శివరామకృష్ణ అతని ముఖంలోకి చూడలేక తల దించుకున్నాడు.

"మ్యాచ్ మధ్యలో మీ అబ్బాయిలాగే కుప్పకూలిపోయారండి, అంబులెన్స్ వచ్చేదాకా ఎవరో గుండెలు నొక్కుతూనే ఉండబట్టి బతికారు."