బుకింగ్ చెయ్యని కస్టమరు

"పిల్లాపాపల్తో ఎల్డానికి మంచి బీచ్ ఏదమ్మా?"

కంప్యూటర్ ముందు కూర్చున్న ధరణి తలెత్తింది.

గుమ్మంలో యాభై ఏళ్ళ మనిషి. వెలిసిపోయిన చీర, చంకన ఖాళీ చేపల బుట్ట.

ధరణి జంగ్లీఘాట్ రేవు దగ్గర టూరిస్టు ఆఫీసు తెరిచి ఆరు నెలలైంది. సునామీ వచ్చి ఏడేళ్ళు దాటింది. దీవులకి మళ్ళీ జనం బాగా వస్తున్నారు. ఏప్రిల్‌లో సెలవులు గడపడానికి విశాఖపట్నం నుంచి పదకొండు కుటుంబాలు ఆమె దగ్గరే బుక్ చేసుకున్నాయి. ఆమెకదే మొదటి పెద్ద బేరం.

"కూర్చోండి ఆంటీ. ఎంతమంది వెళ్తారు?"

"ముసలోళ్ళూ, పిల్లలూ ఉన్న కుటుంబం అనుకో."

ధరణి హుషారుగా ఫోటోలు చూపించింది. పొద్దున్నే ఓడలో హేవ్‌లాక్ దీవికి. మధ్యాహ్నం దాకా సముద్ర స్నానాలు. అడుగున అద్దం ఉన్న పడవలోంచి పగడాలు చూడ్డం. సాయంత్రం అక్కడి హోటలు ముందు ఒడ్డునే పాటలు, డ్యాన్సులు, ఇసకలో బల్లలు వేసి భోజనం. పిల్లలకి వేరే ఆటల పందిరి.

వచ్చినావిడ ఫోటోని కళ్ళకి దగ్గరగా పట్టుకుంది.

"పెద్దోళ్ళు పాటల కాడుంటే, పిల్లలు ఈ పందిట్లో ఉంతారా?"

"అవును. ఎవరి సరదా వాళ్ళది."

"మరి కొండెటేపు? పిల్లని సంకనేసుకుని ఎక్కాలంటే ఎంతసేపు?"

"కొండెందుకాంటీ? వెళ్ళేది బీచ్‌కి కదా!"

ఆమె బుట్ట తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులాగి మళ్ళీ వచ్చింది. అప్పుడు ధరణి ఎదురుగా రాజమండ్రి దంపతులు కూర్చుని ఉన్నారు.

"హేవ్‌లాక్ ఎల్లి సూసొచ్చానమ్మా. ఆ హోటలు వంటింటి ఎనకమాల కొండకి దారుంది. పోకతోటలోంచి మంచి దారి. ఇనప కంచేసి మూసీసినారు. గేటెట్టండి బాబూ అంటే, మేనేజరు నన్ను బయటికి గెంటీసినాడు."

"మిమ్మల్నెవరు వెళ్ళమన్నారు?"

"నువ్వు సెప్తే ఇంతాడు. జనాన్ని పంపేది నువ్వే కదా. మళ్ళీ అలాటి కెరటమొస్తే..."

రాజమండ్రి దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఆలోచించుకుని వస్తామండీ," అని లేచారు.

వాళ్ళు మెట్లు దిగేదాకా ధరణి ఓర్చుకుంది.

"అసలు మీరు బుక్ చేస్తారా, చెయ్యరా?"

"నాకెందుకమ్మా బుకింగు?"

"మరి నా బేరాలు చెడగొట్టడానికొచ్చారా? ఇంకోసారి ఈ గుమ్మం ఎక్కకండి!"

ఆమె మొహం చిన్నబోయింది. అయినా కదల్లేదు.

"ఒక్క ఫోన్ సెయ్యి బేటీ. బస్. మరి రాను."

వదిలించుకోడానికి ధరణి ఆమె ముందే ఫోన్ తీసింది. "అక్కడ గేటు పెట్టకపోతే మావాళ్ళని వేరే హోటల్లో దింపుతాను," అంది విసురుగా. పదకొండు కుటుంబాలు పోతాయంటే మేనేజరు ఏం చేస్తాడు, సరేనన్నాడు.

ఆమె రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. ధరణి ఆమె పేరైనా అడగలేదు.

నెల గడిచింది.

ఏప్రిల్ పదకొండు. మధ్యాహ్నం రెండు దాటింది. ధరణి కూర్చున్న కుర్చీ ఊగింది. గోడ మీది మ్యాపు ఊడి కింద పడింది. వీధిలో అరుపులు. కాసేపటికి టీవీలో సునామీ హెచ్చరిక.

ఆ సమయానికి పదకొండు కుటుంబాలూ హేవ్‌లాక్ ఒడ్డున ఉన్నాయి.

అందరితోపాటు మెట్ట మీదికి ఎక్కుతూనే ధరణి, వాళ్ళతో వెళ్ళిన గైడు సుభాష్‌కి ఫోన్ చేసింది. కలవలేదు. హోటలుకి చేసింది. కలవలేదు. టికెట్ల మీద పిల్లల పేర్లన్నీ తన చేత్తోనే రాసింది. ఒక్కొక్క పేరూ గుర్తొస్తోంది.

నాలుగున్నరకి సుభాష్ గొంతు వినిపించింది.

"దీదీ! అందరం కొండ మీదున్నాం. నలభై ముగ్గురం!"

"పిల్లలు?"

"బిస్కెట్ల కోసం కొట్టుకుంటున్నారు. వంటింటి వెనక కొత్త గేటుంది కదా, అందులోంచి పట్టుకొచ్చేశాం. ఆరే ఆరు నిమిషాలు! రోడ్డు మీదుగా చుట్టూ తిరిగొస్తే ముసలాళ్ళతో అరగంట పట్టేది దీదీ."

ధరణి అక్కడే నేలమీద కూలబడి ఏడ్చేసింది.

ఆ రోజు సముద్రం కొద్దిగా పొంగి ఊరుకుంది. సాయంత్రానికి హెచ్చరిక తీసేశారు. మర్నాడు ఆ కుటుంబాలన్నీ మళ్ళీ స్నానాలకి దిగాయి. ఒక్కరు కూడా సెలవులు మానుకుని వెళ్ళిపోలేదు.

ధరణి మాత్రం పొద్దున్నే చేపల రేవుకి వెళ్ళింది. ఆనవాళ్ళు చెబితే, వల బాగుచేసుకుంటున్న కన్నారావు వెంటనే పోల్చుకున్నాడు.

"మా దేముడమ్మొదిన! హట్‌బే ఊళ్ళో మాకు పక్కిల్లే. వారం కితమే డిగ్లీపూర్ బస్సెక్కీసింది. అక్కడేదో బీచ్‌లో కొత్త హోటలు కడతన్నారట, సూడ్డానికి."

"ఎప్పుడొస్తుంది?"

"ఎవలికి తెలుసు? అక్కణ్ణించి ఇంకో బీచ్‌కి ఎల్తాది. ఫోనైనా లేదు."



"సునామీలో ఎవర్ని పోగొట్టుకుంది భయ్యా?"

"ఎవర్నీ లేదమ్మా. బిడ్డలిద్దరూ నిచ్చేపంలాగున్నారు. పెద్దదానికి మొన్ననే పెళ్ళి కూడా సేసింది."

"మరి ఎందుకిలా తిరుగుతోంది?"

కన్నారావు వల పక్కన పెట్టాడు.

"ఆ పొద్దున్న మా వదిన రేవులో ఉంది. ఇంట్లో పడుకున్న పిల్లలిద్దర్నీ లేపి, సిన్నదాన్ని సంకనేసుకుని కొండెక్కించింది ఒక టూరిస్టమ్మ. సెలవలకొచ్చి మా వీధి సివర లాడ్జీలో దిగింది. ఇంకో పసిగుంట ఏడుపు ఇనిపించి మళ్ళీ కిందకి దిగింది. అంతే, మరి రాలేదు."

"ఎవరావిడ?"

"పేరూ తెల్దు, ఊరూ తెల్దు. అందుకేనమ్మా, సెలవలకొచ్చినోళ్ళందరూ ఆయమ్మ సుట్టాలే అంటాది మా వదిన."