వకీలుగారి బొడ్డు

"ముందు నా కొడుకుని బయటికి పంపు. తరవాతే నీ మాట" అంది కపేకా, హొనొలులు ఠాణా మెట్ల మీద చతికిలబడి.

వకీలు లాత్రప్ పళ్ళు నూరుకున్నాడు. రాణిగారిని గద్దె దింపి ఇంకా నెల తిరగలేదు. చెరుకుతోటల దొరల్ని కూడగట్టిందీ అతనే, అమెరికా యుద్ధనౌక నుంచి సిపాయిల్ని ఒడ్డుకు రప్పించిందీ అతనే, కొత్త చట్టం రాసుకుని దాని కింద తానే మంత్రి అయిందీ అతనే. అంతటి మొనగాడు ఇప్పుడు తనకు పాలిచ్చిన ముసలిదాన్ని బతిమాలుకుంటున్నాడు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చిన పత్రికాయన ఒకడు, "అసలు ఈ దీవులకి మీరేమవుతారు?" అని మొహం మీదే అడిగేశాడు మరి.

"నేను ఇక్కడే పుట్టానని, ఊడిన నా బొడ్డు ఇక్కడి రాతిలోనే దాచావని ఈయన ముందు చెప్పు దాదమ్మా. చాలు."

"చెప్తాను. పునోహు ఏడీ?"

పునోహు చేసిన నేరం, కొత్త సర్కారుకు ప్రమాణం చెయ్యననడం. లాత్రప్ సైగ చేస్తే తాళం తీశారు. గడ్డం మాసి, చెంప వాచి, కొడుకు వచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు. కపేకా ఆ చెంప తడిమి చూసింది.

"వాణ్ణి మళ్ళీ పట్టుకెళ్ళవు కదా?"

"నా మాటంటే మాటే."

"రాణిగారికీ ఇలాగే చెప్పుంటావు."

చుట్టూ మూగిన జనం నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. లాత్రప్ విననట్టే నవ్వి, పత్రికాయన్ని ముందుకు పిలిచాడు. దేశభాషలో లాత్రప్‌కి తడుముకోవడం లేదు. కచేరీలో, దుకాణంలో నేర్చుకున్నాడు. ఆడవాళ్ళ మధ్య కూర్చుని మాత్రం ఎన్నడూ వినలేదు.

"చెప్పు దాదమ్మా."

"ఈయన పుట్టింది నా చేతుల్లోనే. బొడ్డు ఊడినప్పుడు, మా బిడ్డలకు చేసినట్టే, గుడ్డలో చుట్టి కొండమీద రాతిసందులో పెట్టాను."

లాత్రప్ ఆ మాటల్ని ఇంగ్లీషులో ఒకటికి రెండుసార్లు చెప్పాడు. పత్రికాయన రాసుకుని తలెత్తాడు.

"ఆ రాయి చూపిస్తారా?"

లాత్రప్ ఆ మాట దేశభాషలో చెప్పగానే కపేకా నేలకేసి చూసింది. "రాయి ఉంది. బొడ్డు లేదు నాయనా. నేను ఇంకా కొండ దిగకముందే ఎలుక ఎత్తుకుపోయింది. మీ అమ్మ బెంగపడుతుందని చెప్పలేదు."

పునోహు చప్పున తల పక్కకు తిప్పుకున్నాడు.

లాత్రప్ మాత్రం వెలిగిపోయాడు. రాతిలో ఉంటే ఏముంది, ఈ నేలమీద తిరిగే ప్రాణిలో కలిసిపోవడమే గొప్ప కదా అనుకున్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, పై మెట్టెక్కి, వాళ్ళ భాషలోనే గొంతెత్తాడు.

"వినండి! నా బొడ్డుని మీ దీవి ఎలుక ఎత్తుకుపోయింది. నేను ఎవణ్ణో ఇంతకన్నా ఏం రుజువు కావాలి?"

చేపల బుట్ట దించి ఒకామె పకపకా నవ్వింది. ఆమె వెనక ముసలాళ్ళు, వాళ్ళ వెనక వీధంతా. కాపలా ఉన్న సిపాయి కూడా తుపాకీ మీద తల ఆనించుకుని నవ్వుతో ఊగిపోతున్నాడు. జనం తనవాళ్ళయిపోయారని లాత్రప్ అటూ ఇటూ వంగి దండాలు పెట్టాడు.

పత్రికాయన పునోహు చెవి దగ్గరకు వంగాడు.

"ఎందుకయ్యా అందరూ అంతలా నవ్వుతున్నారు?"

"ఏం లేదు దొరా" అన్నాడు పునోహు వచ్చిన ఇంగ్లీషులో, కళ్ళు తుడుచుకుంటూ. "బొడ్డుని ఎలుక ఎత్తుకుపోతే ఆ బిడ్డ పెరిగి దొంగ అవుతాడని మా వాళ్ళ నమ్మకం. ఇంతవరకూ ఏ దొంగా మెట్లెక్కి తనంతట తాను చెప్పుకోలేదు."