ఆల్టర్నేటర్ వద్దన్న మనిషి

"ఆల్టర్నేటర్ వద్దంటే వద్దు భిక్షం. బ్యాటరీ ఒక్కటి చాలు," అన్నాడు నోయెల్.

రహమత్ నగర్ సందులో కార్ల కరెంటు పనులు చేసే భిక్షం చేతిలో ఉన్న వైరు కింద పడేశాడు. నోయెల్ సినిమాల్లో హీరోల బదులు కార్లు నడిపే డూపు. అతను నడిపిన రేసు కార్లన్నిటికీ వైరింగ్ చేసింది భిక్షమే. ఇన్నేళ్ళలో ఇలాంటి కోరిక అతని నోట ఎప్పుడూ వినలేదు.

పక్కనే స్టూలు మీద కూర్చున్న తెరెసా చెవులు రిక్కించింది. ఈమధ్య ఆమె మొగుడి వెంట బ్యాటరీ షాపులకు కూడా బయల్దేరుతోంది. కారణం లేకపోలేదు. పోయిన సినిమాలో కారు పల్టీ కొట్టి నోయెల్ తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆస్పత్రి మంచం మీద బైబిలు పట్టుకుని, "ఇక రేసు కారు నడపను," అని ఏడ్చిన మనిషి, ఎముక అతుక్కోగానే "ఈ ఒక్క సినిమా తెరెసా," అన్నాడు. అప్పట్నుంచీ ఆమెకు కంటి మీద కునుకు లేదు.

"చిన్న రేసులకు బరువు తగ్గాలని ఆల్టర్నేటర్ తీసేస్తరు, నాకు ఎర్కే అన్నా," అన్నాడు భిక్షం. "కానీ నువ్వు హెడ్‌లైట్లు, మీటర్ల లైట్లు, ఫ్యాన్లు అన్నీ నడవాలంటున్నవ్. మరి ఆల్టర్నేటర్ లేకుంటే బ్యాటరీకి ఛార్జింగ్ యాడికెళ్ళి వస్తది?"

"అందుకేగా పెద్ద బ్యాటరీ అడుగుతున్నా."

"సరే, గీ రేసు బ్యాటరీ తీస్కో. సెల్ఫ్ కొడితే ఇంజను ఒక్క దెబ్బకు లేస్తది."

"సెల్ఫ్ సంగతి వదిలెయ్. నెమ్మదిగా, చాలాసేపు కరెంటివ్వాలి. ఇళ్ళల్లో ఇన్వర్టర్లకు పెడతారు చూడు, ఆ రకం."

భిక్షం నోరెళ్ళబెట్టాడు. "రేసు కార్ల ఇన్వర్టర్ బ్యాటరీయా? ఏందన్నా గీ పని! జర కారు తీస్కరా, చూసి చెప్త."

"స్టూడియోలో ఉంది. షాట్ అయ్యేదాకా బయటికి తియ్యనివ్వరు."

తెరెసా ఇక ఉండబట్టలేకపోయింది. "నడుస్తుండగా బ్యాటరీ అయిపోతే ఏమవుతుంది భిక్షం?"

భిక్షం నోయెల్ వైపు చూసి నసిగాడు. "పెట్రోల్ పంపు బందైతది వదినా. ఇంజను ఆగుతది. స్టీరింగు బండ లెక్క బిగుస్తది. బ్రేకు సుత గట్టిగైతది."

"విన్నారా? నా మాట వద్దు, కనీసం అతని మాటన్నా వినండి!"

"వాన ఎఫెక్టు, రెండొందల స్పీడు, వెనక నాలుగు కార్లు. దీని లెక్కలు నీకర్థం కావులే," అంటూ నోయెల్ ఆ బరువైన బ్యాటరీని ఆటోలోకి ఎక్కించాడు. మొండితనంలో అతన్ని మించినవాడు జూబ్లీ హిల్స్ మొత్తం మీద లేడు.

పైగా ఆదివారం చర్చి మెట్ల మీద కుర్రాళ్ళు చుట్టూ మూగారు. "ఈసారి ఎంత స్పీడంకుల్?" అని అడిగేసరికి ఆయనగారి ఛాతీ ఉబ్బిపోయింది. లోపల తెరెసా మోకాళ్ళ మీద కూర్చుని ఏడుస్తోంది. ప్రభువా, ఈ మనిషిని నాకు ప్రాణాలతో ఇవ్వు, ఇంకేమీ అడగను అని మొక్కుకుంది.

షూటింగు రోజు నోయెల్ అటు వెళ్ళాడో లేదో, ఆమె ఇటు భిక్షం షాపులో వాలింది.

"మీ అన్న ఎలాగూ వినరు. ఆయన మేకప్‌లో ఉండగా నువ్వే ఆ ఆల్టర్నేటర్ బిగించెయ్. నీకు పుణ్యముంటుంది."

"నోయెలన్న చూస్తే నన్ను తంతడు వదినా."

"తంతే తన్నించుకుందాం. మనిషి బతికుంటేగా తన్నేది!"

భిక్షం లేచాడు. ఆల్టర్నేటర్‌నూ పానాలనూ గోనెసంచిలో వేసుకుని ఆటో ఎక్కాడు. ఫిల్మ్ నగర్ ఎత్తు ఎక్కేంతసేపూ తెరెసా పెదవులు ప్రార్థనతో కదులుతూనే ఉన్నాయి.

స్టూడియో వాచ్‌మన్ పోచయ్యకు ఆమె తెలిసిన మనిషే. అడక్కుండానే ఫ్లోరు వెనక షెడ్డు చూపించాడు. అక్కడ టార్పాలిన్ కింద ఎర్రటి రేసు కారు, వెడల్పాటి టైర్లు, లోపల ఇనప గొట్టాల పంజరం, పక్కన గోడకు చుట్టి ఆనించిన పెద్ద పచ్చ తెర. కారును చూడగానే తెరెసా శిలువ గుర్తు వేసుకుంది.

భిక్షం బానెట్ ఎత్తాడు. తల లోపలికి పెట్టాడు. పెట్టినవాడు ఎంతకీ బయటికి తియ్యలేదు.

"ఏమైంది? బిగించడం కుదరదా?"

"వదినా, నువ్వే వచ్చి చూడు."

ఆమె తొంగి చూసింది. చూసి, అక్కడే నేల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ఏడుపు ఎప్పుడు నవ్వులోకి తిరిగిందో ఆమెకే తెలియలేదు. ఇన్నాళ్ళుగా గుండెల మీద ఉన్న బండ ఎవరో తీసి పక్కన పెట్టినట్టు హాయిగా ఊపిరి పీల్చుకుంది.

"ఇగ ఫికర్ లేదు వదినా," అన్నాడు భిక్షం కళ్ళు తుడుచుకుంటూ.

"మనం చూసినట్టు ఆయనకు తెలియకూడదు. నా మీద ఒట్టు."

భిక్షం బానెట్ దించి సంచి భుజానికెత్తుకున్నాడో లేదో, హెల్మెట్ చంకన పెట్టుకుని నోయెల్ వచ్చాడు. వాళ్ళిద్దర్నీ చూసి అతని మొహం పాలిపోయింది.

"మీరెందుకొచ్చారు? బానెట్ గానీ ముట్టుకున్నారా?"

"అబ్బే, మిమ్మల్ని చూసి పోదామని వచ్చాం," అంది తెరెసా. అతని కాలరు సర్ది, నుదుటి మీద శిలువ గుర్తు వేసింది. "మలుపుల దగ్గర జాగ్రత్త. మరీ రెండొందలు వద్దు, నూట యాభై చాలు."

"నువ్వు ఏడవట్లేదేంటి?"

"మీ మీద నమ్మకం కుదిరింది. వెళ్ళి నడపండి."

నోయెల్ పెద్ద గండం గడిచినట్టు నవ్వి, హీరోలా హెల్మెట్ తగిలించుకున్నాడు.

ఆ బానెట్ కింద అసలు ఇంజనే లేదు.