పేడనీళ్ళు

"ఈ రగతమేటి, బావూ?"

జీపు వెనక ఐసుపెట్టె కింద పడుతున్న నెత్తుటి చుక్కల్ని చూపిస్తూ దేముడమ్మ అడిగింది. ప్రాజెక్టు ఆఫీసరు వరహాలరావు గబుక్కున గోనెపట్టా కప్పాడు. గిట్ట ఒకటి బయటే ఉండిపోయింది. కొండగొర్రె!

"అందరూ ఏటకెల్లే ఈ ఇటుకల పండక్కి ఏటే వద్దని మా మగోళ్ళ సేత ఒట్టేయించినావు. ఆళ్ళ ఎనకాల కాపలాకని అడివికెల్లి నువ్వే కొట్టినావేటి?"

"మెల్లగా మాట్లాడు. పెద్దవాళ్ళు విందుకొస్తున్నారు. ఒక్కటే కదా!"

మూగజీవాల్ని చంపడం మహాపాపమని మొన్న ముంచింగిపుట్టు సంతలో మైకు పట్టుకుని కళ్ళు తుడుచుకున్న మనిషే ఇతను. సిగ్గులేని జన్మ! దేముడమ్మ ఊరి వైపు తిరిగింది.

"నీళ్ళిత్తామని వొచ్చిన ఆ తెల్లమేడంకి సెప్పేత్తాను."

"ఏ భాషలో? ఆవిడకి తెలుగు రాదు, నీకు ఇంగ్లీషు రాదు. మధ్యలో ఉన్న నోరు నాది. మీవాళ్ళే కొట్టారని చెప్తాను. ఒట్టు తప్పితే మీ ఊరికి నీళ్ళ పైపులు రావు. ఆపైన నీ ఇష్టం."

దేముడమ్మ కిందికి, ఊట వైపు చూసింది. కోడలు బేబి నిండు నెలలతో రెండు బిందెలు మోసుకుంటూ కొండెక్కుతోంది. దేముడమ్మ ఊరి మొగ వైపు నడిచింది.

ఊరి మొగలో ఆడవాళ్ళు పేడనీళ్ళ కుండలతో కాచుకుని ఉన్నారు. అడవి జంతువుల్ని కాపాడిన ఊళ్ళకు నీళ్ళిచ్చే విదేశీ సంస్థ నుంచి వచ్చిన క్లారా, మెడలో కెమెరాతో నిలబడి, ఇదేమిటని అడిగింది.

వరహాలరావు కుండల్ని, తర్వాత తన కాళ్ళనీ నుదుటినీ చూపిస్తూ ఇంగ్లీషులో చెప్పి ఇకిలించాడు. "వేట దొరక్కుండా తిరిగొచ్చినవాడికి పేడస్నానం. వేట కొట్టినవాడికి కాళ్ళు కడిగి బొట్టు. వట్టి మొరటు జనం, మేడమ్!"

ఫల్గుణ, సుక్రు, సోంబరు... అడవి నుంచి ఒట్టిచేతులతో వచ్చిన మగవాళ్ళంతా నవ్వుకుంటూ తల వంచి పేడనీళ్ళలో తడిసి ముద్దయ్యారు. అందరూ మాట నిలబెట్టుకున్నారని క్లారా ఒకటే చప్పట్లు.

చివర్న దేముడమ్మ కుండ ఎత్తుకుని వరహాలరావు దగ్గరికొచ్చింది.

"ఏయ్, ఆగు! కొత్త చొక్కా!" అతను వెనక్కి జరిగాడు.

"బయమెందుకు బావూ? నీకిది కాదు."

ఆమె కుండ దించేసింది. మంచినీళ్ళు తెచ్చి అతని కాళ్ళు శుభ్రంగా కడిగింది. నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టింది.

ముసల్ది దారికొచ్చింది, పేడా తప్పింది. వరహాలరావు కెమెరా వైపు తిరిగి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు.

క్లారా చప్పట్లు ఆగిపోయాయి. "మిస్టర్ రావ్, మీరేం చంపారు?"